పదహారు గురిగింజలు

ముప్పై ఏండ్లాయె పట్టాల మీద నడవబట్టి.
కీమ్యాన్‌ని. సుత్తెతోని ఒక దెబ్బ కొట్టి, చెవి ఒగ్గి
ఏ బోల్టు వదులైందో చెప్పేటోన్ని.
అసొంటి నాకు
కాజీపేట క్వార్టర్ల, నా ఇంట్లనే
ఒక పాట నిలవడకపాయె.

మండిబజార్ల యాకూబ్ పాషా దుకాణం ఎత్తేస్తుంటే
పాత ఇనుము ధరకు తూకమేసి ఇచ్చిన టర్న్‌టేబుల్ అది.
బెల్టు సాగింది. మూత పగిలింది.
దానెంబడి పన్నెండు రికార్డులు,
ఒకదానికి నడుమ కాయితం చినిగి
పాడినామె పేరు పోయింది.

మొదటి రాత్రి ఆమెనే పెట్టిన.
పది నలభైకి బొగ్గు గూడ్స్ వచ్చింది.
సూది చెంగున దుంకి
పల్లవిల లేచి ఆఖరి చరణంల పడ్డది.
సరోజన పడిపడి నవ్వింది:
"నీ రైలే నీ పాటను గుద్దింది గదా."

తెల్లారి మొగిలి మేస్త్రిని పట్టుకొచ్చిన.
కరీంనగర్ రాయి కోసిన కాడ మిగిలిన ముక్క
ఇద్దరం మోసి, రొప్పి,
సగం గాలి కొట్టిన సైకిల్ ట్యూబు మీద దించినం.
అంత బరువు రాయి
చెరువుల పుట్టి లెక్క మెల్లగ ఊగింది.
మొగిలి రసమట్టం పెట్టి
బుడగ నడిమికొచ్చేదాక ఊపిరి తియ్యలే.

ఇగ సూది బరువు.
తక్కువైతే గాడిల నిలువది, కీచుమంటది.
ఎక్కువైతే గాడినే దున్నుతది.
"రెండు గ్రాములకు జర తక్కువ" అన్న.
అవుసల వీరాచారి అద్దాలు పైకి నెట్టి
"మా తాత లెక్కల పదహారు గురిగింజలు" అని
నిజంగనే డబ్బీల నుంచి గింజలు తీసిండు.
తోక కాడి గుండును
వెంట్రుకంత ముందుకు, వెంట్రుకంత ఎనుకకు తిప్పుకుంట
ఒక సిబ్బిల ఎర్రటి గింజలు,
ఒక సిబ్బి మీద పాట మోసే చెయ్యి.
ముల్లు నిలబడేసరికి చాయ్ చల్లారింది.

అయినా గుయ్యిమనుడు పోలే,
గోడల తుమ్మెద దూరినట్టు.
రెండు రోజులు వెతికిన. వెనకాల
ఒక సన్నపు పచ్చ తీగ
దేనికీ కట్టక ఊరికే వేలాడుతున్నది.
ఆంప్లిఫయర్ మర కింద దాన్ని బిగిస్తే
గోడ గడియారం వినొచ్చింది.
అది నాలుగు నిమిషాలు ఎనుక నడుస్తున్నదని
గప్పుడే చూసిన.

స్పీకర్లను గోడకు మూరెడు ఎడం జరిపి
రెండింటి నడుమ ఎంతుందో
కూసునే జాగకు అంతే దూరం కొలిచి
సుద్దముక్కతోని గీత గీస్తే
అది సరిగ్గ బియ్యం డబ్బా కాడికొచ్చింది.
"డబ్బా జరుగది" అన్నది సరోజన.
"నేనే దాని మీద కూసుంట."

ఇన్వర్టర్ల పోసే నీళ్లతోని, పాత పంచె ముక్కతోని
పేరులేనామె మొఖం తుడిచి
మళ్ల పెట్టిన.

పది నలభై.
గ్లాసుల నీళ్లు వణికినయి. కిటికీ చువ్వ వణికింది.
నా అరికాళ్లకు ఎన్ని డబ్బాలో గూడ తెలిసింది.
సూదికి తెల్వలే.

బియ్యం డబ్బా మీద కండ్లు మూసుకొని సరోజన
"ఎవరో దగ్గిండ్రు" అన్నది.
వాకిట్లకు పోయి చూసిన. ఎవరు లేరు.
సూదిని ఎనుకకు తెచ్చిన.
రెండో చరణానికి ముందు
ఆమె ఊపిరి తీసుకునే సందుల
ఆమెకు ఎడమ దిక్కు, రెండడుగులు వెనకాల
ఒక మనిషి
పిడికిలి అడ్డం పెట్టుకొని దగ్గుతున్నడు.
తబలాయనో. తలుపు కాడ నిలబడ్డోడో.
ఏ చలికాలపు దగ్గో.

బరువు ఇంకోసారి చూద్దామని నేను లేచిన.
సరోజన లేవలే.
"పాపం, ఆయనకు తగ్గిందో లేదో" అన్నది.